మా గుర్రమే సార్

ఆ పోటీల సీజను నాలుగు నెలలూ నేను కోపంగానే ఉన్నాను. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే ఎదురుగా ఉన్నవాడి మీద కూడా కోపం వచ్చేది. జోకులు మాత్రం మానలేదు. మామూలు రోజుల్లో నా నోరు నా మాట వినదు. కోపం వచ్చిందంటే ఎవరి మాటా వినదు.

మాది గుర్రాల లారీ. అందులో ఎక్కే గుర్రాలు మావి కావు. స్వారీ నేర్పే బళ్ళవి కొన్ని, పోటీల కోసం పెంచుకునే ఆసాములవి కొన్ని. వాటిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం మా పని. గుర్రం ఎక్కినవాడికి వెండి కప్పు ఇస్తారు, గుర్రాన్ని ఎక్కించినవాడికి టీ కప్పు కూడా ఇవ్వరు. అయినా మా నాన్న, ఆయన తర్వాత అన్నయ్య, అన్నయ్య నడుము పట్టేశాక నేను, ముప్పై ఏళ్ళుగా ఆ లారీ మీదే బతికాం.

ఎలా బతికామో కూడా చెప్పాలి. సొంత గుర్రాన్ని సొంత లారీలో తీసుకెళ్తే ఎవరూ ఏమీ అడగరు. పరాయివాళ్ళ గుర్రాన్ని కిరాయికి తీసుకెళ్ళాలంటే మాత్రం లైసెన్సు కావాలి, బీమా కావాలి, పరీక్ష పాసైన మనిషి కావాలి. అందుకని మా నాన్న కాలం నుంచీ ఒక పద్ధతి నడిచింది. గుర్రాన్ని ఎక్కించే ముందు యజమాని ఒక కాగితం మీద ‘ఈ గుర్రాన్ని ఈ లారీవారికి అమ్మేశాను’ అని రాసి సంతకం పెట్టేవాడు. దారిలో ఎవరైనా ఆపితే ‘మా గుర్రమే సార్’ అని ఆ కాగితం చూపించేవాళ్ళం. గుర్రం దిగాక యజమాని ఎదురుగానే చింపేసేవాళ్ళం. దాని పేరు దారి చీటీ. ఎక్కగానే గుర్రం మాది, దిగగానే వాళ్ళది. అంత తొందరగా చేతులు మారేవి లోకంలో పేకముక్కలూ, మా గుర్రాలూ మాత్రమే. చీటీకీ మాటకీ తేడా రాకుండా ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ సీజను మొదటి వారంలోనే పక్క వీధి లారీవాణ్ణి పట్టుకున్నారు. వాణ్ణి మేమంతా డొక్కు అంటాం. ఆ పేరు ముందు వాడి లారీది, తర్వాత వాడిదయింది. వాడి దగ్గర చీటీ ఉంది. ‘ఇన్నేసి గుర్రాలు కొని ఏం చేసుకుంటున్నావురా?’ అని అడిగితే వాడికి జవాబు లేకపోయింది. లారీని రోడ్డు పక్కన ఆరు గంటలు నిలబెట్టారు. లోపలున్న రెండు గుర్రాలూ ఎండకి ఉడికిపోయాయి. చివరికి గుర్రాలని యజమాని తీసుకెళ్ళాడు, లారీని రవాణా ఆఫీసువాళ్ళు తీసుకెళ్ళారు, డొక్కు నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ, లారీలో గుర్రాలకి గడ్డి వేలాడదీసే వల చిరిగితే కుట్టుకుంటూ అంది:

“మనం లైసెన్సు తీసుకుందాం.”

“ముప్పై ఏళ్ళు లేంది ఇప్పుడెందుకు?”

“ముప్పై ఏళ్ళూ దొరకలేదు కాబట్టి.”

“లైసెన్సులో సెన్సు ఉందని నీకెవరు చెప్పారే?”

“అందులో సంగతి తెలీదు. మీలో లేదని మాత్రం తెలుసు,” అంది, పళ్ళతో దారం తెంపుతూ.

మెట్ల మీద కూర్చున్న అన్నయ్య నవ్వాడు. అన్నయ్య నవ్వితే నాకు ఇంకా మండుతుంది. నడుము పట్టేసినవాడికి నవ్వొక్కటే పట్టెయ్యదు.

రవాణా ఆఫీసులో మా గది ఏదో తెలుసుకోవడానికి మూడు గదులు తిరిగాం. నాలుగో గదిలో గుమాస్తా మా దరఖాస్తు చదివి, లోపలికెళ్ళి, మోచేతి మందాన ఒక ఫైలు మోసుకొచ్చాడు.

“పరాయి గుర్రాలు మొయ్యడానికి లైసెన్సు కావాలంటున్నారు. మీకు సొంత గుర్రాలు లేవా?”

“ఒక్కటీ లేదండీ.”

“చెక్‌పోస్టు రికార్డుల ప్రకారం ఇప్పటివరకూ మీకు నాలుగు వేల పైచిలుకు గుర్రాలున్నాయి.”

నేను గొంతు సవరించుకున్నాను. “అమ్మేశాం సార్.”

“అన్నీ?”

“దాణా పెట్టలేక.”

గుమాస్తా నవ్వలేదు. నవ్వని మనిషిని చూస్తే నాకు ఊపిరాడదు. ఇంకో రెండు విసిరేవాణ్ణే గానీ, బల్ల కింద మా ఆవిడ చెప్పు నా కాలి మీద పడింది.

పరీక్ష ఇద్దరం రాశాం. ఎన్ని గంటలకొకసారి నీళ్ళు పెట్టాలి, ఒక్కో గుర్రానికి ఎంత చోటు ఉండాలి, గాలి ఎటు నుంచి రావాలి, లారీ ఎప్పుడెప్పుడు మందు నీళ్ళతో కడగాలి. ఇవన్నీ ముప్పై ఏళ్ళుగా నా చేతులకి తెలుసు. చేతులని ఎవడూ అడగలేదు. నోటి పరీక్షలో ఒకాయన కళ్ళజోడు పైకి తోసుకుని, “ప్రయాణానికి ముందు గుర్రానికి తప్పనిసరిగా ఉండవలసినదేమిటి?” అన్నాడు.

“టికెట్టు,” అన్నాను.

మా ఆవిడ పాసయింది. ఇన్నాళ్ళూ ఆ లారీ కడిగి, వలలు కట్టి, ఫోన్లు ఎత్తి, తాళ్ళు ఎండబెట్టిన మనిషి. ఒక్కటంటే ఒక్క ప్రశ్న తప్పలేదు. కాబట్టి లైసెన్సు ఆవిడ పేరు మీద వచ్చింది. తోలేవాణ్ణి నేనూ, ఏలేది ఆవిడా. రౌతు కొద్దీ గుర్రం అంటారు, మా ఇంట్లో రౌతు మారిపోయింది. నేను రెండు రోజులు అన్నం మీద అలిగాను. అన్నం పట్టించుకోలేదు.

తర్వాత బీమా ఏజెంటు ఇంటికొచ్చాడు. చావు కబురు కూడా నవ్వుతూ చెప్పే రకం.

“మీరిన్నాళ్ళూ కట్టింది సొంత వాడకానికండీ. కిరాయికి ఒక్క గుర్రాన్ని ఎక్కించినా అది చెల్లదు. లారీ కాలి బూడిదైనా మీకు చిల్లిగవ్వ రాదు.”

“ఆ మాట కట్టించుకునేటప్పుడు ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదండీ,” అని ఇంకాస్త నవ్వాడు. “ఇప్పుడు కిరాయి లారీకి ఒకటి. లోపల పరాయివాళ్ళ గుర్రానికి ఏమన్నా అయితే దాని యజమానికి ఇవ్వడానికి ఒకటి. గుర్రం తప్పించుకుని దారిన పోయేవాణ్ణి తన్నితే అందుకొకటి.”

“భీముడే ఒక్కడయ్యా, బీమాలు మూడా? పాలసీ అంటే ఇప్పుడర్థమైంది. పాలు మీకు, ఛీ మాకు.”

మా ఆవిడ నా మాట దాటించి అడిగింది: “లోపలున్నది పరాయివాళ్ళ గుర్రమని మీకెలా తెలుస్తుంది?”

“మీరు చెప్తేనేనమ్మా. మీ గుర్రమే అయితే ఈ బీమా వర్తించదు.”

ఆవిడ ఆ మాట వేలితో కాగితంలో వెతికి, దొరికాక, కింద పెన్సిలుతో గీత గీసింది. గడ్డి తెచ్చే మా చిన్న వ్యాను అమ్మేసి మూడూ కట్టాం. అన్నయ్యకి ఆ వ్యానంటే ప్రాణం. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ సీజను మొత్తంలో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

లైసెన్సు చేతికొచ్చిన మర్నాడే మొదటి కిరాయి తగిలింది. స్వారీ బడి టీచరుగారిది. ఆవిడకి నాలుగు గుర్రాలున్నాయి. వాటిలో మబ్బు అనే బూడిదరంగు ఆడగుర్రం ఉంది. కంచెలు దూకడంలో దాన్ని మించింది చుట్టుపక్కల లేదు. పిల్లలు ఆ బళ్ళో చేరేది మబ్బుని చూసే. మిగతా మూడూ మబ్బు పుణ్యాన దాణా తినేవి.

బయల్దేరేటప్పుడు మా ఆవిడ లైసెన్సునీ బీమా కాగితాలనీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, స్టీరింగు పక్కనున్న అరలో తనే స్వయంగా పెట్టింది.

“ఎవరు ఆపినా ఇది చూపించండి.”

“చూపిస్తానే. లారీ ముందు అతికించుకుని తిరగనా?”

“చూపిస్తే చాలు.”

స్వారీ బడి దగ్గర అన్నయ్య మబ్బు కాళ్ళకి పట్టీలు చుట్టాడు. నేను పరీక్షలో టికెట్టు కథ టీచరుగారికి చేతులూపుతూ చెప్తున్నాను. ఆవిడ పొట్టచెక్కలయ్యేలా నవ్వుతూనే, ఎప్పట్లాగే, సంతకం పెట్టిన చీటీ నా చేతికిచ్చింది. ఆవిడ అలవాటు కొద్దీ ఇచ్చింది. నేను అలవాటు కొద్దీ తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. కథ మంచి పట్టులో ఉంది మరి.

చెక్‌పోస్టు దగ్గర ఒక కుర్ర ఆఫీసరు ఆపాడు. తలుపు సందులోంచి మబ్బుని చూశాడు.

“ఎవరిదీ గుర్రం?”

“మా గుర్రమే సార్,” అన్నాను.

చెయ్యి జేబులోకి వెళ్ళింది, చీటీ బయటికొచ్చింది. ఆఫీసరు చూశాడు, రిజిస్టరులో ‘సొంత గుర్రం’ అని రాశాడు, కింద నా సంతకం తీసుకున్నాడు. నేను పెట్టాను. కవరు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. పక్కన అన్నయ్య ఉన్నాడు. ఆయనకీ తట్టలేదు. నిజం చెప్పుకునే వీలు మొట్టమొదటిసారి వచ్చిన రోజున కూడా అబద్ధమే చెప్పాను. దేనికో తెలీదు. నాలిక్కి దారి తెలుసు, వెళ్ళిపోయింది.

ఇంకో గంటకి ఒక ట్రాక్టరు సందులోంచి అడ్డంగా వచ్చింది. బ్రేకు తొక్కాను. లారీ ఆగింది. వెనక ఏదో బలంగా పడిన చప్పుడైంది. తర్వాత డెక్కలు ఇనుము మీద కొట్టుకున్నాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేకపోయేసరికి నాకు భయమేసింది. తలుపు తీసేసరికి మబ్బు మోకాళ్ళ మీద ఉంది. ముందు కాలు ఒకటి అడ్డపలక కింద ఇరుక్కుంది. అన్నయ్య నడుము నొప్పి మర్చిపోయి లోపలికి దూరి, దాని చెవిలో ఏదో గొణుగుతూ మెల్లిగా కాలు తీశాడు. అంతసేపూ మబ్బు ఆయన చొక్కాని పళ్ళతో పట్టుకునే ఉంది.

డాక్టరు పరీక్షించి కట్టుకట్టి చెప్పాడు:

“నడుస్తుంది. దూకదు.”

టీచరుగారికి ఫోన్లో ఆ రెండు మాటలే చెప్పాను.

బీమా కంపెనీ సర్వేయరు నాలుగో రోజున మా పెరట్లోకి వచ్చాడు. మా ఆవిడ కుర్చీ వేసి, కాగితాలన్నీ వరసగా ముందు పెట్టింది. నీళ్ళు పెట్టిన వేళలు, లారీ కడిగిన తేదీలు, డాక్టరు రాసిచ్చింది, ఫోటోలు. ఆయన ఒక్కొక్కటే తిరగేశాడు.

“ఇంత శుభ్రంగా ఎవరూ పెట్టరమ్మా,” అన్నాడు. అని, తన సంచిలోంచి ఒక్క కాగితం తీసి వాటి మీద పెట్టాడు. “కానీ చెక్‌పోస్టులో ఇలా ఉంది.”

ఆవిడ చదివింది. సంతకం చూసింది. నా వైపు తిరగలేదు.

“ఇది అన్నయ్య పనే!” అని నేనే ముందు అరిచాను. “పక్కనే ఉన్నాడు, ఒక్క మాట అనొచ్చుగా! కూర్చోబెట్టి మోసుకెళ్ళింది దేనికి, ఊరు చూడ్డానికా?”

“సంతకం నాదా?” అన్నాడు అన్నయ్య.

“టీచరుగారు చీటీ ఎందుకివ్వాలి? అడిగానా నేను?”

“తీసుకున్నదెవరు?”

“ఆ కుర్రవెధవ మాత్రం లైసెన్సు ఉందా అని అడగొద్దూ?”

సర్వేయరు కుర్చీలోంచి లేచాడు. గుర్రం మాదే అయితే క్లెయిము లేదనీ, కాకపోతే చెక్‌పోస్టులో అబద్ధం చెప్పినట్టనీ, ఏది నిజమో రవాణా ఆఫీసు విచారణలో తేలాలనీ చెప్పి వెళ్ళిపోయాడు. నేను గేటు దాకా వెళ్ళి ఆయన వెనక ఏదేదో అన్నాను. ఆయన పట్టించుకోలేదు. ఆయనకీ నాలాంటివాళ్ళు వారానికి ముగ్గురు తగులుతారనుకుంటాను.

విచారణ ముందు రోజు అన్నం దగ్గర అన్నయ్య ఉపాయం చెప్పాడు.

“గుర్రం నిజంగానే కొన్నామనండి. చీటీ ఉండనే ఉంది. అప్పుడు చెక్‌పోస్టులో వీడు చెప్పింది నిజమే అవుతుంది. తప్పే లేనప్పుడు లైసెన్సు ఎందుకు పోతుంది?”

నాకు ప్రాణం లేచొచ్చింది. “అద్గదీ! నడుము వంగినా బుర్ర వంగలేదు నీకు!”

“మరి టీచరుగారి సంగతో?” అంది మా ఆవిడ.

అన్నయ్య మజ్జిగ అందుకున్నాడు. ఆవిడే మళ్ళీ అంది:

“గుర్రం మనదైతే ఆవిడకి బీమా డబ్బు రాదు. మన్ని అడగడానికీ ఉండదు, అమ్మేశానని రాసిచ్చింది కాబట్టి. కుంటి గుర్రాన్ని పెట్టుకుని పిల్లలకేం నేర్పుతుంది? మీలో ఎవరు వెళ్ళి చెప్తారు, మబ్బు నీది కాదని?”

“ఏం, ఆవిడకి తెలీదా చీటీ సంగతి? ముప్పై ఏళ్ళూ మనది మనదే అన్నాం. ఇంకొక్కసారి అంటే నోరు అరిగిపోతుందా?” అన్నయ్య అడగాల్సినదంతా నేనే అరిచాను. “లైసెన్సు పోతే సీజను పోయినట్టే! అన్నాళ్ళూ లారీని చూస్తూ కూర్చుంటావా? దానికి హారతి ఇస్తావా?”

“మీరు అరవండి,” అంది ఆవిడ. “ఆ కాగితం మీద ఉన్నది నా పేరు. పెళ్ళైన పాతికేళ్ళలో ఈ ఇంట్లో నా పేరు మీద వచ్చిన కాగితం అదొక్కటే.”

కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. అన్నయ్యా నేనూ ఒకరి కంచంలోకి ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

విచారణ గది చిన్నది. ఒక బల్ల, దాని వెనక ఒక పెద్ద ఆఫీసరు, పక్కన సర్వేయరు, గోడవారన టీచరుగారు. ఆవిడ నన్ను చూసి తల తిప్పుకుంది. నేను చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాను. చెప్పాల్సింది దారి పొడుగునా నాలిక మీద తిప్పుకుంటూనే ఉన్నాను. ఆఫీసరు చెక్‌పోస్టు కాగితం చూశాడు, చీటీ చూశాడు, తలెత్తాడు.

“గుర్రం ఎవరిది?”

నేను నోరు తెరిచాను.

“మిమ్మల్ని కాదండీ. లైసెన్సు ఉన్నవారిని అడుగుతున్నాను.”

“టీచరుగారిది,” అంది మా ఆవిడ. “చెక్‌పోస్టులో మావారు చెప్పింది అబద్ధం సార్.”

“ఇదివరకు కూడా ఇలాగే చెప్పేవారా?”

“చెప్పేవారు. అదీ రాసుకోండి.”

ఆయన రాసుకున్నాడు. రాసింది పైకి చదివి వినిపించాడు. ప్రమాదం జరిగిన రోజున లైసెన్సు సక్రమంగానే ఉంది, గుర్రం పరాయివాళ్ళదే, కాబట్టి క్లెయిము సంగతి కంపెనీ చూసుకోవాలి. అబద్ధం చెప్పినందుకు సీజను ముగిసేదాకా లైసెన్సు నిలిపివేత. పది నిమిషాలు కూడా పట్టలేదు. మా గది వెతుక్కోవడానికి ఇంతకంటే ఎక్కువసేపు పట్టింది.

వరండాలోకి రాగానే నా నోటికి తాళం ఊడింది. “చాలా? కడుపు నిండిందా? పుణ్యం మూటకట్టుకున్నావుగా, రేపట్నుంచి ఆ మూటే విప్పుకు తిందాం! నిజం చెప్తే లైసెన్సు పోతుందని ఒకటో తరగతి పిల్లాడికి కూడా...”

“మీరు ఇంకాస్త మెల్లిగా అరిస్తే నేనో మాట చెప్తాను,” అని వెనక నుంచి వినిపించింది. టీచరుగారు. థాంక్సు చెప్పడానికి వచ్చిందనుకుని గుండీ సర్దుకున్నాను.

“ఆ చీటీ మీద సంతకం పెట్టింది నేనే. మిమ్మల్ని తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగం ఇప్పుడు వాడుకుంటున్నాను. మీ జోకులకి నవ్వుతూ నవ్వుతూ నా గుర్రాన్ని మీ చేతుల్లో పెట్టాను. రోజూ పిల్లలొచ్చి మబ్బు ఎప్పుడు దూకుతుందని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు? మీకు తెలిసిన జోకేదైనా ఉంటే చెప్పండి.”

నా దగ్గర లేదు.

టీచరుగారు మా ఆవిడ వైపు తిరిగింది. “సీజను అయ్యాక మీ లైసెన్సు మీకు వస్తుంది కదమ్మా. మిగిలిన మూడు గుర్రాలూ మీకే ఇస్తాను. ఈయన తోలితే మాత్రం ఇవ్వను.”

“నాకు లారీ రాదండీ.”

“మొదటిరోజు మా పిల్లలకీ ఏమీ రాదు,” అని వెళ్ళిపోయింది.

లారీ పెరట్లో నిలబడిపోయింది. అన్నయ్యకి మళ్ళీ నడుము పట్టేసింది. నేను ఇటుకల లారీకి కూలి డ్రైవరుగా వెళ్ళాను. ఇటుకలు ఎవరివని ఎవడూ అడగలేదు. సాయంత్రం దుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గేటు దగ్గర తాళంచెవి పట్టుకుని నిలబడి ఉండేది. లారీ నేర్చుకోవడానికి అనుమతి కాగితం కూడా తెచ్చుకుంది. రెండో కాగితం.

మొదటిరోజు నా సీట్లో రెండు దిళ్ళు వేసుకుని కూర్చుంది. అద్దాలన్నీ తనకి సరిపడేలా తిప్పుకుంది. నా ముఖం ఒక్కదాంట్లోనూ కనబడలేదు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని అన్నయ్య ముందుగానే నవ్వు మొదలుపెట్టాడు. పక్క సీట్లో నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. నా సీటు, నా స్టీరింగు, మా నాన్న లారీ. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీక అందరి మీదా ఒకేసారి తెచ్చుకున్నాను.

ఆవిడ తాళంచెవి తిప్పింది. లారీ ఒక్క గంతు వేసి, దగ్గి, ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. మూడోసారికి గేటు దగ్గర డొక్కు కూడా వచ్చి నిలబడ్డాడు. నా నోట్లోకి ఒక జోకు వచ్చింది. చాలా మంచిది. నాలుగు నెలల్లో అంత మంచిది రాలేదు. నోరు తెరిచాను.

“నోరు మూసుకుని, క్లచ్చి ఎంతవరకు వదలాలో చెప్పండి,” అంది మా ఆవిడ, ముందుకే చూస్తూ.

నేను నోరు మూసుకుని, చేత్తో చూపించాను.